మైపాడు బీచ్‌లో చీరల షూట్‌కి పెద్ద తామరపువ్వు, గాలికి ఆగేట్టు దేంతో చెయ్యాల?

నెల్లూరమ్మాయి:
అందరికీ నమస్తే. మా అక్క కొత్తగా బొటీక్ పెడతా ఉండాది, వెంకటగిరి కాటన్ చీరలతో ఫొటో షూట్ మైపాడులో అనుకున్నాం, ప్రాపులన్నీ, అంటే ఫొటోలో పెట్టే అలంకరణ సామాన్లు, చేత్తో నేనే చేస్తానని ఒప్పుకున్నా. మోడల్ వెనకాల ఐదడుగుల తామరపువ్వు విచ్చుకున్నట్టు కనపడాల. రెండు రోజులు కూర్చొని థర్మాకోల్ రేకులు కోసి గులాబీరంగు స్ప్రే పెయింట్ కొడితే కాసేపటికే గుంటలు పడి కరిగిపోయినాయి, ఏడుపొచ్చింది నిజంగా. మిగిలినయ్యి మేడ మీద పెడితే గాలికి ఒకటి విరిగింది. ఇంకా పది రోజులే టైమ్. ఆటోలో పట్టేట్టు గూడా ఉండాల. తెలిసినోళ్ళు చెప్పండి ప్లీజ్.

కావలి డెకరేషన్:
స్ప్రే డబ్బాలో ఉండే థిన్నర్ థర్మాకోల్‌ని తినేస్తాది చెల్లెమ్మా. ముందు ఫెవికాల్ రెండు కోటింగులు వేసి ఆరనిచ్చి, పైన గోడలకేసే వాటర్ పెయింట్ బ్రష్‌తో వేసుంటే ఏం కాకపోను. కానీ బీచ్‌కి థర్మాకోలే వద్దు, పలకలాగా గాలికి అడ్డం నిలబడి ఫటుక్కున విరుగుతాది. బైండింగ్ వైరు రెండు పేటలు మెలేసి రేకు ఆకారంలో వంచు, దానికి ఆర్గంజా అనే పలచటి గుడ్డ లాగి చుట్టూ సూదీదారంతో కుట్టు. గంజి పెట్టి బిగుతు చేద్దామనుకోవద్దు, సముద్రం తేమకి మెత్తబడిపోతాది. గ్లూ గన్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, ఎండలో ఆ జిగురు గూడా మెత్తబడి ఊడొస్తాది, ముఖ్యంగా మూసిన కారులో పెట్టినప్పుడు. వెనకాల వెదురు దబ్బలతో విసనకర్ర మాదిరి ఫ్రేమ్ కట్టి, కాళ్ళు ఇసకలో అడుగున్నర లోతు పాతి, ఖాళీ బియ్యం సంచుల్లో అక్కడి ఇసకే నింపి కాళ్ళ మొదట్లో బరువుగా పెట్టు. రేకులు విడివిడిగా తీసకపోయి అక్కడే కట్టుకో.

ఒంగోలు కెమెరా:
గుడ్డ అన్నారు చూడండి, అదే కరెక్ట్, నేను ఫొటోలు తీసేవాడిగా చెప్తున్నా. మన సముద్రం తూర్పున కాబట్టి పొద్దున్నే తీస్తే సూర్యుడు పువ్వు వెనకాల ఉంటాడు, థర్మాకోల్ అయితే వెలుగు ఆపేసి నల్లటి దిమ్మెలాగా పడిద్ది, పలచటి గుడ్డ అయితే రేకు రేకూ లోపల దీపం పెట్టినట్టు వెలిగిద్ది. ఆ మిగిలిన తెల్ల థర్మాకోల్ పారెయ్యమాకండి, మోడల్ మొహం మీదికి వెలుగు తిప్పటానికి అదే రిఫ్లెక్టర్. ఇంకోటి, పువ్వుకి బంగారు రంగు, మెరుపులు వెయ్యొద్దు, చీర జరీతో పోటీ పడి జరీ కనపడకుండా పోయిద్ది. తెల్లారేసరికి అన్నీ కట్టేసి ఉండాలి, పొద్దెక్కేకొద్దీ సముద్రం గాలి లేచిద్ది, తొమ్మిదిలోపు ముగించుకోండి.

తాటితోపు:
నా మాట వేరే. ఐదడుగుల పువ్వు పెడితే చూసేవాళ్ళ కన్ను పువ్వు మీదే ఉంటది, అమ్మాల్సింది చీర కదా. లేత తాటాకు తెచ్చుకుని నీడన ఆరబెట్టి చేతిలో పట్టుకునే విసనకర్ర, చిన్న బుట్ట అల్లండి, కాటన్ చీర పక్కన అది ఎంత బాగుంటదో. ఆ విసనకర్ర, బుట్ట అంచులకి చిన్న ఈనెలు లేచి ఉంటే మాత్రం కత్తిరించండి, చీరది సన్నటి నేత, ఒక్కసారి తగిలినా పోగు లేస్తది.

నెల్లూరమ్మాయి:
చాలా థ్యాంక్సండీ అందరికీ, వెలుగు సంగతి నాకసలు తట్టలా. అక్కతో మాట్లాడినా, పువ్వు మూడున్నర అడుగులకి తగ్గిస్తా ఉండాం, తాటాకు విసనకర్ర గూడా చేస్తా. ఒక రేకు కుట్టి కిటికీకి అడ్డంపెట్టి చూశా, నిజంగానే వెలిగింది. కాకపోతే వైరు నీడ నల్లగీతలాగా కనపడతా ఉండాది, ఏం చెయ్యాల?

కావలి డెకరేషన్:
వైరుకి అదే ఆర్గంజా సన్నగా చింపి చుట్టు చెల్లెమ్మా, గీత రేకు ఈనెలాగా కలిసిపోతాది. కొసలు లోపలికి మడిచెయ్యి, చీరకి తగలకుండా.