49 అంగుళాల కర్వ్‌డ్ మానిటర్ ఆర్మ్ మీద నిలబడట్లేదు, ముందుకు వాలిపోతోంది

మియాపూర్_గేమర్:
అందరికీ నమస్తే. శాంసంగ్ ఒడిస్సీ జీ9 తీసుకున్నాను, 49 అంగుళాలది, 1000ఆర్ కర్వ్. దాంతో వచ్చిన స్టాండ్ కాళ్లు టేబుల్‌ని సగం ఆక్రమించేశాయి, కీబోర్డు పెడితే మౌస్‌కి చోటుండట్లేదు. అందుకని ఆన్‌లైన్లో ఒక గ్యాస్ స్ప్రింగ్ ఆర్మ్ తెప్పించాను, టేబుల్ అంచుకి బిగిస్తే మానిటర్‌ని గాల్లో పట్టుకునేది. 15 కిలోల వరకు మోస్తుందని పెట్టె మీద ఉంది, మానిటర్ స్టాండ్ లేకుండా 14 కిలోల పైచిలుకు, కాబట్టి సరిపోవాలి. తీరా బిగిస్తే ఎత్తు బాగానే నిలుస్తోంది గానీ స్క్రీన్ మాత్రం మెల్లమెల్లగా వంగి కీబోర్డు వైపు చూస్తోంది. సరిచేసి వదిలితే కాసేపటికి మళ్లీ అదే కథ. టేబుల్ పార్టికల్ బోర్డుది, 18 ఎంఎం, గోడకి ఆనించి ఉంది. అద్దె ఇల్లు, మేకు కొడితేనే ఓనర్ ఊరుకోరు, డ్రిల్లింగ్ అంటే అడ్వాన్స్ మీద ఆశ వదులుకోవాల్సిందే. ఆర్మ్ మార్చాలా, ఉన్నదాంతోనే ఏమైనా చేయొచ్చా? ఇంకోటి, స్క్రీన్ సెకనుకి 240 సార్లు మారుతుందని, అంటే 240 హెర్ట్జ్ అని కొంటే విండోస్‌లో 60 మాత్రమే చూపిస్తోంది, అదేంటో కూడా చెప్పండి.

వైజాగ్_రేసర్:
బ్రో, ఆర్మ్ మొత్తం కిందికి దిగుతుంటే స్ప్రింగ్ చాలట్లేదని అర్థం. ఎత్తు నిలిచి మొహం ఒక్కటే వాలుతుంటే స్ప్రింగ్‌తో సంబంధం లేదు, మానిటర్ వెనక ప్లేట్ దగ్గర స్క్రీన్‌ని పైకీ కిందికీ వంచే టిల్ట్ జాయింట్ తట్టుకోలేకపోతోంది. నీది రెండోదే. పెట్టె మీద కిలోలు వేస్తారు గానీ ఆ బరువు ప్లేట్‌కి ఎంత దూరంలో వేలాడుతుందో ఎవడూ వేయడు. 1000ఆర్ అంటే 1000 మిల్లీమీటర్ల వ్యాసార్థం ఉన్న వలయంలో ఒక ముక్క. నీ మానిటర్ వెడల్పు సుమారు 115 సెంటీమీటర్లు, లెక్క వేస్తే రెండు చివర్లూ మధ్యభాగం కన్నా 18 సెంటీమీటర్ల దాకా ముందుకొస్తాయి. నిండు బిందెని ఒంటికి ఆనించి పట్టుకోవడం వేరు, చెయ్యి చాచి పట్టుకోవడం వేరు కదా. అదే 34 అంగుళాల 1500ఆర్ అయితే ఈ తేడా 5 సెంటీమీటర్ల చిల్లర, అందుకే వాళ్లకి ఏ గొడవా ఉండదు, రివ్యూల్లో ఐదు స్టార్లు ఇచ్చేదీ వాళ్లే.

టిల్ట్ జాయింట్ పక్కన అలెన్ కీ పట్టే బోల్టు ఉంటుంది, దాన్ని బిగించి చూడు. ఊరికే తిప్పేయకు, ఇంకొకరు వెనక ప్లాస్టిక్ బాడీ పట్టుకుని బరువు ఎత్తిపట్టాక బిగించాలి, లేకపోతే బిగిసినట్టే ఉంటుంది, చెయ్యి తీయగానే జారుతుంది. గట్టిగా బిగించినా వాలుతుంటే ఇక దాంతో కుస్తీ పట్టకు. ఎర్గోట్రాన్ కంపెనీ హెచ్‌ఎక్స్ ఆర్మ్ 19 కిలోల వరకు మోస్తుంది, దానికి ఇలాంటి మానిటర్ల కోసమే హెవీ డ్యూటీ టిల్ట్ పివట్ ఉంది. మామూలు హెచ్‌ఎక్స్ కాకుండా ఆ పివట్ ఉన్నదే చూసి కొనుక్కో. ధర గట్టిగానే ఉంటుంది, కానీ దాని మీద వేలాడేది కూడా చవకది కాదుగా.

ప్లైవుడ్_బాబాయ్:
తమ్ముడూ, ఆర్మ్ సంగతి సరే, నాకు భయం నీ టేబుల్ గురించి. పార్టికల్ బోర్డు అంటే చెక్కపొట్టుని జిగురు కలిపి నొక్కింది, పైన లామినేట్ ఒక్కటే గట్టి. ఆర్మ్‌ని టేబుల్ అంచుకి పట్టి ఉంచే క్లాంప్ కింది బిళ్ల అరచేయంత కూడా ఉండదు. ఆర్మ్ ముందుకి లాగినప్పుడల్లా పైన బేస్ ముందంచు బోర్డులోకి నొక్కుకుంటుంది, కింద ఆ బిళ్ల పైకి తన్నుతుంది, మధ్యలో పొట్టు నలుగుతుంది. ఇవాళే టార్చ్ వేసి చూడు. బేస్ ముందంచు దగ్గర లామినేట్ మీద సన్నటి తెల్ల గీత కనిపించినా, కింద బిళ్ల చుట్టూ పొట్టు రాలుతున్నా ముందు మానిటర్ దింపు, తర్వాత మాట్లాడుకుందాం.

అంతా బాగుంటే వెల్డింగ్ షాపులో 5 ఎంఎం ఇనప ముక్కలు రెండు కోయించి, అంచులు అరగదీయించి, పైన ఒకటి కింద ఒకటి వేసి బిగించు. ముందే క్లాంప్ నోరు ఎంత తెరుచుకుంటుందో కొలుచుకో. నన్నడిగితే 25 ఎంఎం ప్లైవుడ్ పలక టాప్‌గా వేయించుకోవడం మేలు, 75 సెంటీమీటర్ల లోతు ఉండేలా. గాజు టేబుల్‌కి మాత్రం ఎవరూ క్లాంప్ వేయకండి. ఇంకో మాట, గోడకి ఆనించి పెట్టావు కాబట్టి ఆర్మ్ మోచేయి వెనక్కి మడవడానికి చోటు లేక స్క్రీన్ నీ మొహం మీదకి వచ్చేస్తుంది. టేబుల్‌ని ఓ జానెడు ముందుకి జరుపు.

స్టాండే_ముద్దు:
ఇంత తతంగం ఎందుకో నాకర్థం కాదు. ఓనర్ గొడవ లేకుండా కావాలంటే నేల మీద నిలబడే టీవీ స్టాండ్ కొని టేబుల్ వెనక పెట్టుకో, మానిటర్ వెనక స్క్రూలకి సరిపోయే 100 బై 100 ఎంఎం కొలత రంధ్రాలు (వెసా అంటారు) ఉంటే చాలు. కాకపోతే అక్కడా టిల్ట్ లేని ఫిక్స్‌డ్ ప్లేటే చూడు, వాలడానికి జాయింటే ఉండదు.

డీపీ_కేబుల్:
60 హెర్ట్జ్ సంగతి నేను చెప్తా. హెచ్‌డీఎంఐలో పెట్టి ఉంటావు. ఆ మోడల్లో హెచ్‌డీఎంఐ 2.0, నీ స్క్రీన్ పూర్తి రిజల్యూషన్ 5120 బై 1440లో 60 దాటదు. డిస్‌ప్లేపోర్ట్‌కి మార్చు, మానిటర్ మెనూలో రిఫ్రెష్ రేట్ 240 పెట్టు, ఆ తర్వాత విండోస్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి అక్కడా మార్చు. గ్రాఫిక్స్ కార్డు ఏంటి? జీటీఎక్స్ 10 సిరీస్ అయితే డీఎస్‌సీ (సిగ్నల్‌ని కుదించి పంపే పద్ధతి) లేదు, 120తో సరిపెట్టుకోవాలి. పైగా ఈ స్క్రీన్‌లో దాదాపు 74 లక్షల పిక్సెళ్లు, 4కే 83 లక్షలు, అంటే కార్డుకి దాదాపు 4కే అంత పని. వాలొరంట్ గేమ్ ఆడతావేమో, అందులో రెండు పక్కలా నల్లటి పట్టీలే వస్తాయి, మానిటర్ పాడైందని టెన్షన్ పడకు.

మియాపూర్_గేమర్:
థాంక్స్ అన్నలూ. డిస్‌ప్లేపోర్ట్‌కి మారిస్తే 240 వచ్చేసింది, కార్డు ఆర్‌టీఎక్స్ 3070. టిల్ట్ బోల్టు తమ్ముడు పట్టుకుంటే బిగించాను, వాలడం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. బాబాయ్ గారూ, టార్చ్ వేస్తే బేస్ ముందు మీరు చెప్పిన తెల్ల గీత ఉంది. ఈ రాత్రికే దింపేస్తున్నా.

వైజాగ్_రేసర్:
దింపేటప్పుడు జాగ్రత్త. ముందు ఆర్మ్‌ని పూర్తిగా పైకి లేపి, అప్పుడే స్క్రూలు తియ్యి. కింద ఉండగా మానిటర్ తీస్తే బరువు పోయిన స్ప్రింగ్ ఒక్కసారిగా లేచి గడ్డానికి తగులుతుంది. ఇద్దరు ఉండాల్సిందే. స్క్రీన్‌ని బల్ల మీద బోర్లా పెట్టకు, కర్వ్ వల్ల బరువంతా రెండు అంచుల మీదే పడి ప్యానెల్ పోతుంది, పెట్టెలో వచ్చిన థర్మాకోల్‌లోనే పడుకోబెట్టు. అది పారేయలేదు కదా?

మియాపూర్_గేమర్:
లేదు, అటక మీదే ఉంది.