పోలో జీటీ: 2017 డీఎస్‌జీనా, 2021 ఆటోమేటిక్కా? (శ్రీకాకుళం)

ప్రశ్న – శ్రీకాకుళం

అందరికీ నమస్కారం. ఫోక్స్‌వ్యాగన్ వాళ్ల పోలో జీటీ కారు మీద ఎప్పటినుంచో మనసుంది. చేతిలో డబ్బులు పడేసరికి 2022లో కంపెనీ వాళ్లు పోలోనే ఆపేశారు. ఇక సెకండ్ హ్యాండే గతి.

ఇప్పుడు రెండు బండ్లు చూశాను. ఒకటి 2017 జీటీ టీఎస్ఐ, అంటే టర్బో పెట్రోలు బండి. ఏపీ 30 నంబరు, ఒకటే ఓనరు, 61 వేల కిలోమీటర్లు తిరిగింది, 5 లక్షల 40 వేలు చెబుతున్నారు. రెండోది 2021 జీటీ టీఎస్ఐ. ఒడిశా నంబరు, బండి బరంపురంలో ఉంది, 34 వేలు తిరిగింది, 7 లక్షల 90 వేలు. రెండోది ఎరుపు రంగు. ఎరుపంటే నాకు కాస్త బలహీనత.

రోజూ ఎచ్చెర్ల వెళ్లి రావాలి. సాయంత్రం ఏడు రోడ్ల కూడలి దగ్గర నత్తనడకే. నెలకు మూడు నాలుగుసార్లు విశాఖ. మా ఆవిడ కూడా నడుపుతుంది కాబట్టి ఆటోమేటిక్ తప్పదు. రెండింటికీ రెండున్నర లక్షల తేడా ఉంది, అంత తేడా బండిలో ఉందా? పాతదే అసలైన జీటీ అని ఒకరంటారు, దాంట్లో ఉన్న డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ జోలికి పోవద్దని ఇంకొకరంటారు. ఏటి చెయ్యాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు – సొంతూరు రాజాం, ఉంటున్నది విశాఖ

తమ్ముడూ, వెనక డోరు మీద రెండింటికీ జీటీ టీఎస్ఐ అనే ఉంటుంది గానీ లోపల ఇంజనూ వేరు, గేర్‌బాక్సూ వేరు.

2013లో వచ్చినప్పటి నుంచి బీఎస్ 6 (పొగ కాలుష్యం నిబంధనలు) వచ్చేదాకా ఉన్నది 1.2 లీటర్ల, నాలుగు సిలిండర్ల టర్బో. 105 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే), దానికి ఏడు గేర్ల డీఎస్‌జీ. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 తప్పనిసరి అయింది కదా, అప్పుడు 1.0 లీటరు, మూడు సిలిండర్ల టర్బో పెట్టారు. ఇది 110 పీఎస్. ఆటోమేటిక్‌కి డీఎస్‌జీ తీసేసి ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ ఇచ్చారు. టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, రెండింటికీ 175 న్యూటన్ మీటర్లే. కాబట్టి బలం దగ్గర పెద్ద తగువేమీ లేదు.

తేడా అంతా గేర్‌బాక్స్‌లో ఉంది. డీఎస్‌జీలో రెండు క్లచ్‌లుంటాయి. ఒకటి బేసి గేర్లకు, ఒకటి సరి గేర్లకు. నువ్వు మూడో గేరులో పోతుంటే నాలుగో గేరు అప్పటికే పడి సిద్ధంగా ఉంటుంది, అందుకే మార్పు అంత చురుగ్గా ఉంటుంది. పోలోలో వాడింది డ్రై క్లచ్, అంటే ఆయిల్లో మునిగి ఉండదు. ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం జరుగుతున్నప్పుడు కంప్యూటర్ హాఫ్ క్లచ్ మీద బండిని నడిపిస్తుంది. మనం మాన్యువల్ బండిలో హాఫ్ క్లచ్ మీద కాలు ఉంచితే ఏమవుతుందో ఇక్కడా అదే. వేడెక్కుతుంది, అరుగుతుంది.

టార్క్ కన్వర్టర్‌లో ఇంజనుకూ గేర్లకూ మధ్య పని చేసేది ఆయిలు. మెల్లగా పాకేటప్పుడు అలా అరిగే క్లచ్ ఉండదు. డీఎస్‌జీ అంత చురుకు ఉండదు, నిజమే. కానీ ఏడు రోడ్ల దగ్గర చురుకుతో నువ్వు చేసేదేముంది?

జవాబు – విజయనగరం, గ్యారేజీ

పైన ఆయన బండి సంగతి చెప్పారు, నేను బిల్లు సంగతి చెబుతాను బాబూ. డీఎస్‌జీకి మెకట్రానిక్ అని ఒక యూనిట్ ఉంటుంది. గేర్లు వేసేది, క్లచ్‌లు పట్టి వదిలేది అదే. అదీ క్లచ్ సెట్టూ రెండూ పోతే ఖర్చు లక్షల్లోనే. డబ్బు ఒక్కటే కాదు. గేర్‌బాక్స్ దించడం మా బోటివాళ్లకు పెద్ద పని కాదు. కొత్త క్లచ్ బిగించాక అది ఎక్కడ పట్టాలో, ఎక్కడ వదలాలో కంప్యూటర్ పెట్టి మళ్లీ నేర్పాలి. ఆ పరికరం, ఆ అలవాటు లేనివాడు చెయ్యి పెడితే కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. అంటే బండిని లారీ మీద ఎక్కించి విశాఖ పంపాలి. శ్రీకాకుళం నుంచి వంద కిలోమీటర్ల పైమాటే.

అలాగని 2017 బండి పనికిరాదని నేననను. హైవే మీద ఎక్కువ తిరిగిన డీఎస్‌జీ బాగానే ఉంటుంది. 61 వేలు ఎక్కడ తిరిగిందో కనుక్కో, ఆ అంకె కన్నా అది ముఖ్యం. చూడ్డానికి పొద్దున్నే వెళ్లు, ఇంజను చల్లగా ఉండాలి. బానెట్ మీద చెయ్యి వేసి చూడు. నువ్వు వచ్చేలోపే స్టార్ట్ చేసి వేడి చేసి ఉంచారంటే ఏదో దాస్తున్నారని నేననుకుంటాను. ఓ అరగంట ఊళ్లో తిప్పాక బ్రేక్ వదిలి, ఆక్సిలరేటర్ తొక్కకుండా పాకనివ్వు. ఒకటి నుంచి రెండుకి మారేటప్పుడు వణుకు ఉందేమో చూడు. ఆ తర్వాత ఎత్తు మీదికి రివర్స్‌లో ఎక్కించు. బలహీనపడిన క్లచ్ అక్కడ దొరికిపోతుంది. చివర్లో కంప్యూటర్ పెట్టి లోపాలు చూసే స్కానింగ్ చేయించు. స్కానింగ్‌కి ఒప్పుకోనివాడి దగ్గర టీ తాగి వచ్చెయ్.

జవాబు – బొబ్బిలి

అందరూ పాతదాన్ని తిడుతున్నారు కాబట్టి దాని పక్షాన ఒక్క మాట. నాలుగు సిలిండర్ల నునుపు మూడింటికి రాదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగ్ పట్టుకుంటే తెలుస్తుంది. రణస్థలం దాటి ఖాళీ రోడ్డు దొరికాక గేరు ఎస్ (స్పోర్ట్) మోడ్‌లో వెయ్యండి, అప్పుడు మాట్లాడదాం. ఇంట్లో ఇంకో బండి ఉండి, ఆదివారం సరదాకి అయితే నేను 2017 బండే కొంటాను.

జవాబు – శ్రీకాకుళం, బండ్ల కాగితాల పని

ఒడిశా బండి ధర 7 లక్షల 90 వేలు కాదండీ. అక్కడి ఆర్టీవో నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకోవాలి, అది ఫారం 28. ఇక్కడ మన రాష్ట్రం లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, ఆ తర్వాతే మన నంబరు. అక్కడ కట్టిన పన్ను వాపసు కోసం తిరగడం వేరే భాగవతం. వేరే రాష్ట్రం నంబరుతో పన్నెండు నెలలకు మించి ఇక్కడ తిప్పకూడదు. మడపాం టోల్ గేటు దగ్గర ఎవరూ అడగరని ధైర్యం చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, వినకండి.

ఆర్సీలో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. రిజిస్ట్రేషన్ తేదీ చూసి మోడల్ చెప్పేవాళ్లే ఎక్కువ. ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని బ్యాంకు లేఖ, ఫారం 35 రెండూ ఉండాలి. అమ్మకానికి ఫారం 29, 30. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరుకు మార్పించండి. నో క్లెయిమ్ బోనస్ పాత ఓనరుదే, బండితో పాటు మీకు రాదు.

ఇంకో ముక్క. జిల్లాల నంబర్లు పోయి 2019లో రాష్ట్రమంతా ఏపీ 39 మొదలైంది కదా. ఏపీ 30 (శ్రీకాకుళం), ఏపీ 35 (విజయనగరం) పాత ప్లేటున్న జీటీ టీఎస్ఐ కనబడితే లోపల ఉన్నది 1.2 డీఎస్‌జీయే అని దూరం నుంచే చెప్పొచ్చు.

జవాబు – నరసన్నపేట

గేర్‌బాక్స్ గొడవలో పడి నీళ్ల సంగతి మరిచారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చింది, 2017 బండి అప్పటికే రోడ్డు మీద ఉంది. ఎక్కడ ఉందో అడగండి. మా అన్నయ్యకు ఒక డీలరు మునిగిన బండి అంటగట్టాడు. ఏ బండో, ఏ డీలరో ఇక్కడ వద్దు. సీట్లు మార్చారు, సెంటు కొట్టారు. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడమని ఎవరైనా చెప్పి ఉంటే ఆ బురద గీత కనిపించేది. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంట కూడా చూడండి. సముద్రం ఒడ్డున పెట్టిన బండి అయితే కింద నుంచి తుప్పు చూడాలి.

ప్రశ్న అడిగిన ఆయన – పది రోజుల తర్వాత

అందరికీ థాంక్స్. రెండు బండ్లూ చూశాను. 2017 ఓనరు పెద్దమనిషి. సర్వీసు కాగితాలన్నీ ఫైల్లో పెట్టుకున్నారు, పొద్దున ఆరింటికి రమ్మన్నా విసుక్కోలేదు. రివర్స్‌లో ఎత్తు ఎక్కించాను, వణుకు లేదు. హైవే మీద నడిపితే బొబ్బిలి సోదరుడి మాట అక్షరాలా నిజమనిపించింది. కానీ మా వాడకం ఏడు రోడ్లు. అది తలుచుకుని, మనసు చంపుకుని వద్దన్నాను.

బరంపురం బండి ఆర్సీలో తయారీ 2020 నవంబరు. ఫైనాన్స్ ఇంకా తీరలేదు. ఎన్ఓసీ మీరే తెచ్చుకోండన్నారు. అక్కడే ఆగిపోయాను.

ఈలోగా విశాఖలో 2022 మొదట్లో తయారైన 1.0 ఆటోమేటిక్ తగిలింది. ఏపీ 39, 28 వేలు తిరిగింది, 8 లక్షల 20 వేలు. ఒడిశా బండికి లైఫ్ ట్యాక్స్ కలిపితే అంతకన్నా ఎక్కువే అయ్యేది. గురువారం స్కానింగ్.

జవాబు – విజయనగరం, గ్యారేజీ

మంచి పని. టైర్ల పక్కన నాలుగంకెలు చూడు. 0522 అంటే 2022 అయిదో వారంలో తయారైందని. 28 వేలకే నాలుగు టైర్లూ కొత్తవైతే మీటరు మీద నాకు అనుమానమే, సర్వీసు బిల్లుల్లోని కిలోమీటర్లతో పోల్చుకో. పెట్రోలు సంగతి కూడా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి చెప్పేస్తున్నాను. ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలుకు తగ్గట్టు బండ్లు రావడం 2023 ఏప్రిల్ నుంచి. ఆ లెక్కన నువ్వు చూసిన మూడూ ఒకటే. ఎక్కువ రోజులు ట్యాంకులో నిలవ ఉంచకుండా తిప్పుతూ ఉండు.

ప్రశ్న అడిగిన ఆయన

టైర్లు 2021 చివరివే, బండితో వచ్చినవే. స్కానింగ్‌లో ఏమీ రాలేదు. అడ్వాన్స్ ఇచ్చేశాను. రంగు మాత్రం ఎరుపు కాదు, బూడిద. మా ఆవిడకు మొదటి నుంచీ బూడిద రంగే ఇష్టమట. ఇన్ని రోజుల్లో ఒక్కసారి కూడా చెప్పలేదు.