పాత స్ప్లెండర్ మైలేజీ 62 నుంచి 44కి పడింది: తప్పు ఈ20 పెట్రోలుదా, బండిదా?

తెనాలిరోడ్:
బండి 2009 స్ప్లెండర్ ప్లస్, కార్బొరేటర్ మోడల్. రోజూ తెనాలి నుంచి గుంటూరుకు నారాకోడూరు మీదుగా పోయి వస్తాను. వెనక ఎవరూ ఉండరు, 50 దాటను. మొన్నమొన్నటిదాకా లీటరుకు 62 అటూఇటూగా ఇచ్చేది, ఇప్పుడు 44 దగ్గర ఆగిపోయింది. పొగ లేదు, ఆయిల్ తాగడం లేదు, పొద్దున ఒక్క కిక్కుకే స్టార్ట్ అవుతుంది.

ఒక మెకానిక్ “ఇదంతా ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు వల్ల, నువ్వేం చేసినా ఇంతే” అన్నాడు. ఇంకో ఆయన బోరు చేయించి (ఇంజిన్ సిలిండర్ లోపల చెక్కించి) పిస్టన్ మార్చాలంటున్నాడు. డబ్బు పెట్టేముందు నలుగురినీ అడుగుదామని రాస్తున్నా. ఎవరి మాట నమ్మాలి?

గోదారిగట్టు:
ఇందులో అడగడానికేముంది అన్నా, తప్పు పెట్రోలుదే. 20 శాతం ఇథనాల్‌కు తట్టుకునే పార్టులతో బళ్లు రావడం మొదలైందే 2023లో. మీది 2009ది. లీటరు పెట్రోలుతో పోలిస్తే లీటరు ఇథనాల్‌లో మూడో వంతు శక్తి తక్కువ. 2030కి అనుకున్న లక్ష్యాన్ని 2025-26కి జరిపేశారు, రోడ్డు మీదున్న పాత బళ్ల సంగతేంటని ఎవరూ అడగలేదు. మా వీధిలో పాత బండి ఉన్న ప్రతివాడిదీ ఇదే ఏడుపు. బోరు జోలికి మాత్రం పోకండి, బాగున్న ఇంజిన్ విప్పిస్తే మళ్లీ ఆ సెట్టింగ్ రాదు.

లెక్కలమాస్టారు:
మూడో వంతు మాట నిజమే. కానీ ఆ లెక్క సగంలో ఆపకూడదు. లీటరులో ఇథనాల్ ఐదో వంతు, ఆ ఐదో వంతులో మూడో వంతు శక్తి తక్కువ. మొత్తం మీద చూస్తే 6 నుంచి 7 శాతం. అది కూడా ఇథనాల్ చుక్క కూడా కలపని పెట్రోలుతో పోలిస్తే. 2022 జూన్‌కే దేశంలో సగటున 10 శాతం కలపడం పూర్తయింది, అంటే 62 ఇచ్చిన రోజుల్లోనూ మీ ట్యాంకులో ఇథనాల్ ఉంది. నీతి ఆయోగ్ 2021 నివేదిక టూవీలర్లకు 3 నుంచి 4 శాతం తగ్గుతుందని అంచనా వేసింది. సర్కారు లెక్క నమ్మం అంటారా, సరే, 10 శాతం అనుకోండి. అప్పుడు కూడా 56 రావాలి. మీకు వస్తున్నది 44. మధ్యలో ఆ 12 కిలోమీటర్లు ఎవరు తింటున్నారు?

ఇంతకీ మీరు మైలేజీ కొలిచేది ఎలా? 200 రూపాయలకు కొట్టించి, రిజర్వ్ పడేదాకా తోలి, చెప్తున్నారా? అలా అయితే ఈ చర్చ మొత్తం వేస్ట్. సెంటర్ స్టాండ్ వేసి ట్యాంకు మెడ దాకా నింపించండి, కనీసం 150 కిలోమీటర్లు తిరగండి, మళ్లీ అదే బంకులో అదే గీత దాకా నింపించండి. రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి.

గోదారిగట్టు:
మాస్టారూ, కాగితం మీద లెక్క వేరు, రోడ్డు మీద బండి వేరు. బీఎస్6 ఇంజెక్షన్ బళ్లకు సైలెన్సర్ పైపులో సెన్సర్ ఉంటుంది, చూసుకుని పెట్రోలు పెంచుకుంటుంది. కార్బొరేటర్‌కు ఆ తెలివి ఎక్కడిది? ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి గాలి-పెట్రోలు మిక్స్చర్ లీన్ అవుతుంది, అంటే పెట్రోలు పాలు తగ్గుతుంది. బండి బరువుగా లాగుతుంది, మనం యాక్సిలరేటర్ ఇంకాస్త తిప్పుతాం, మూడో గేరులో పోవాల్సిన చోట రెండుకు దింపుతాం. మీ 6 శాతం లెక్కలో ఇవేవీ లేవు.

షెడ్డుమేస్త్రి:
గోదారిగట్టు తమ్ముడు వాదిస్తూనే పరీక్ష ఏంటో చెప్పేశాడు. ఈ20 వల్ల మిక్స్చర్ లీన్ అవుతుంది, రిచ్ అవదు. కరెక్ట్. అలాంటప్పుడు స్పార్క్ ప్లగ్ తెల్లగా ఉండాలి.

తెనాలి అన్నా, ఇంజిన్ బాగా వేడెక్కాక ఖాళీ రోడ్డు మీద 45లో పోతూ క్లచ్ పట్టి, ఇంజిన్ ఆపేసి, బండిని పక్కకు దొర్లించండి. అక్కడే ప్లగ్ విప్పండి (గుడ్డ పట్టుకోండి, వేలు కాలుతుంది). ఇంటికొచ్చి పది నిమిషాలు స్లోలో పెట్టి విప్పితే ఏ ప్లగ్ అయినా నల్లగానే ఉంటుంది, దాన్ని చూసి ఏమీ చెప్పలేం. మధ్య ఎలక్ట్రోడ్ చుట్టూ ఉండే పింగాణీ రంగు చూడాలి. బిస్కట్ రంగైతే బండి బాగున్నట్టు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే లీన్, అప్పుడు ఈ20 వైపు వేలు చూపించొచ్చు. గోరుతో గీరితే రాలే పొడి మసి ఉంటే రిచ్, పెట్రోలు ఎక్కువ తాగుతోంది. తడిగా, జిడ్డుగా నలుపుంటే ఆయిల్ పైకొస్తోంది, బోరు మాట అప్పుడు మాట్లాడదాం. పొగ లేదు, ఆయిల్ తగ్గలేదు, ఒక్క కిక్కుకే స్టార్ట్ అవుతోంది అంటున్న బండికి బోరు చేయమన్న ఆయన చెయ్యి ఖాళీగా ఉన్నట్టుంది.

ఇంకోటి. సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి, వెనక చక్రం చేత్తో గట్టిగా తిప్పండి. ఒక చుట్టు కూడా తిరక్కుండా ఆగితే ముందు దాని పని చూడండి.

పాలమూరు125:
వెనక టైరు మార్చారా? 2.75 తీసి 3.00 వేయించుకుంటే మీటరు తక్కువ చూపిస్తది, మైలేజీ పడిపోయినట్టు కనిపిస్తది. మా బామ్మర్దికి అట్లనే అయింది.

షెడ్డుమేస్త్రి:
స్ప్లెండర్‌కు మీటరు కేబుల్ ముందు చక్రం హబ్ నుంచి వస్తుంది బ్రదర్. వెనక ఏ టైరు వేసినా రీడింగ్ మారదు. ముందు టైరు మారిస్తే మారుతుంది. టైరు మాట వచ్చింది కాబట్టి గాలి సంగతి కూడా చెప్తా. ఈ బండికి ముందు 25, ఒక్కరే ఎక్కితే వెనక 28. చాలా చోట్ల పంక్చర్ షాపులో చేత్తో నొక్కి చూసి “చాల్లే” అంటారు. గేజీతో కొట్టించండి, టైర్లు చల్లగా ఉన్నప్పుడే.

తెనాలిరోడ్:
ఫుల్ ట్యాంక్ లెక్క మాస్టారు చెప్పినట్టే చేశా, 45 వచ్చింది. ప్లగ్ మేస్త్రి గారు చెప్పినట్టే విప్పా. నల్లటి పొడి మసి, వేలికి అంటుకుంది. తడి లేదు. వెనక చక్రం తిప్పితే ముక్కాలు చుట్టు తిరిగి ఆగింది. నారాకోడూరు దాకా వెనక బ్రేకు తొక్కకుండా పోయి డ్రమ్ము మీద చెయ్యి పెడితే ఉంచలేనంత వేడి. చోక్ లివర్ కిందకే ఉంది (చోక్ పడలేదు), సరిగ్గానే కదులుతోంది.

గాలి ముందు 18, వెనక 20 ఉంది, సరిచేయించా. ఎయిర్ ఫిల్టర్ పేపర్‌ది, ఎప్పుడు మార్చారో గుర్తు లేదు. పోయినసారి సర్వీసింగ్‌లో పెట్రోలుతో కడిగి మళ్లీ పెట్టారు.

లెక్కలమాస్టారు:
ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మొదటి మెకానిక్ మాట. చక్రం తిరగదు, గాలి లేదు, ఫిల్టర్ కడిగి పెట్టారు, కానీ తప్పు మాత్రం పెట్రోలుది!

షెడ్డుమేస్త్రి:
పేపర్ ఫిల్టర్ కడగకూడదు. అందులో దుమ్ము పట్టుకోవడానికి పూసిన జిడ్డు పోతుంది, కాగితం మడతలు అతుక్కుంటాయి, గాలి ఆడదు. గాలి తక్కువైతే మిక్స్చర్ రిచ్. కొత్తది వేయండి. మరీ పాత మోడళ్లలో నురుగు ఫిల్టర్ వస్తుంది, దాన్ని కిరోసిన్‌లో పిండి, ఆరబెట్టి, కొంచెం ఆయిల్ రాసి వాడుకోవచ్చు. రెంటికీ ఒకే వైద్యం చేస్తున్నారు చాలామంది.

వెనక బ్రేకు: రాడ్డు చివర నట్టు అతిగా బిగించి ఉండొచ్చు, పెడల్‌కు రెండు మూడు సెంటీమీటర్ల ప్లే ఉండాలి. నట్టు వదిలినా చక్రం పట్టేస్తుంటే లోపల బ్రేకు షూలను తెరిచే క్యామ్ తుప్పు పట్టి వెనక్కి రావడం లేదని అర్థం. వాన నీళ్లలో తిరిగే బళ్లకు ఇది మామూలే. క్యామ్ ఊడదీసి, ఎమరీ పేపరుతో రుద్ది, కాస్త గ్రీజు రాయాలి. గ్రీజు లైనర్ మీద పడితే మాత్రం బ్రేకు పడదు, జాగ్రత్త. అదే చేత్తో చైన్ కవర్‌కున్న రబ్బరు మూత తీసి చైన్ కూడా చూడండి. వదులైతే టపటపమంటుంది కాబట్టి అందరూ బిగిస్తారు, మరీ బిగిసిన చైన్ చప్పుడు చేయదు, ఊరికే పెట్రోలు తింటుంది.

గోదారిగట్టు:
అందరూ కలిసి నా మీద పడ్డారు, బాగుంది. బ్రేకు, గాలి సరే. ప్లగ్ నలుపు గురించి ఒకటి అడుగుతా మేస్త్రి గారూ. కార్బొరేటర్ గిన్నెలో ఫ్లోట్ నీడిల్ కొనకు రబ్బరు ఉంటుంది. ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బిస్తుంది, గట్టిపరుస్తుంది. నీడిల్ సరిగ్గా మూసుకోకపోతే గిన్నెలో పెట్రోలు మట్టం పెరుగుతుంది, మిక్స్చర్ రిచ్ అవుతుంది, ప్లగ్ నల్లబడుతుంది. మరి ఇది ఈ20 పాపం కాదా? మీ పరీక్షలో తెల్ల ప్లగ్ ఒక్కటే ఈ20 గుర్తు అయితే, ఈ దెబ్బ ఎవరి ఖాతాలో వేస్తారు?

షెడ్డుమేస్త్రి:
మంచి ప్రశ్న. నీడిల్ తీసి కొన మీద గోరుతో తడిమితే గుండ్రంగా గీత తగులుతుంది, అది అరుగుదల. రబ్బరు మెత్తబడి, ఉబ్బి ఉంటే నీ మాట నిజం. మా షెడ్డులో రెండు రకాలూ చూస్తున్నా. ఈ మధ్య ఉబ్బినవి, పెట్రోలు పైపు గట్టిపడి చిట్లినవి ఎక్కువగానే వస్తున్నాయి, కాదనను. కానీ పదిహేనేళ్లు దాటిన నీడిల్ ఏ పెట్రోలు పోసినా అరుగుతుంది. ఇంకా, 50 లోపు తోలే బండికి పెట్రోలు ఎంత పోవాలో చెప్పేది మెయిన్‌గా స్లైడుకు వేలాడే సూది, అది దూరే ఇత్తడి జెట్. ఏళ్ల తరబడి ఒరుసుకుని ఆ జెట్ బొక్క కోలగా అవుతుంది, పెట్రోలు ఎక్కువ పోతుంది. దీనికీ ఇథనాల్‌కూ సంబంధం లేదు. బయట స్క్రూ అటో చుట్టు ఇటో చుట్టు తిప్పి “ట్యూనింగ్ అయిపోయింది” అని డబ్బులు తీసుకుంటారే, ఆ స్క్రూ పని స్లోలోనే. రోడ్డు మీద మైలేజీ దాంతో పెరగదు.

ఆస్టిన్_మావోడు:
మధ్యలో దూరుతున్నా. ఇక్కడ అమెరికాలో చాలా బంకుల్లో దొరికేది ఈ10. ఈ15 ఉన్న చోట పంపు మీదే స్టిక్కర్ ఉంటుంది, మోటార్‌సైకిళ్లకు వాడొద్దని. అసలు ఇథనాల్ లేని పెట్రోలు కూడా కొన్ని చోట్ల అమ్ముతారు, రేటు ఎక్కువే అనుకోండి. గోదారిగట్టు గారి కోపం మైలేజీ గురించి కాదేమో, ఏది పోయించుకోవాలో మనకు ఎంపిక లేకపోవడం గురించేమో అనిపిస్తోంది.

గోదారిగట్టు:
రెండూను. ఇథనాల్ లేని పెట్రోలు కూడా బంకుల్లో అందుబాటులో ఉంచాలని వేసిన పిల్‌ను (ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని) సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 1న కొట్టేసింది. ఇక మనకు దారేది? ఇథనాల్ ఉండదనే వంద ఆక్టేన్ ప్రీమియం పెట్రోలు కొట్టించుకుందామంటే రేటు చూస్తే కళ్లు తిరుగుతాయి.

షెడ్డుమేస్త్రి:
వంద సీసీ స్ప్లెండర్‌కు వంద ఆక్టేన్‌తో పనే లేదు. ఆ ఇంజిన్ కంప్రెషన్‌కు మామూలు పెట్రోలే ఎక్కువ. ఆ డబ్బుతో కొత్త నీడిల్ జెట్ సెట్టు వస్తుంది.

కుర్రబండి:
ఇంత గొడవెందుకు, అమ్మేసి ఎలక్ట్రిక్ స్కూటర్ కొనుక్కోండి బాసూ.

తెనాలిరోడ్:
కుర్రబండి తమ్ముడూ, ఈఎంఐ నువ్వు కడతానంటే రేపే వెళ్దాం.

విషయం: వెనక క్యామ్ నిజంగానే పట్టేసి ఉంది. రుద్ది గ్రీజు రాశారు, చక్రం ఇప్పుడు హాయిగా తిరుగుతోంది. ఫిల్టర్ కొత్తది వేశా. ఫ్లోట్ నీడిల్ కొన మీద గీత ఉంది, మరీ ఉబ్బినట్టు లేదు కానీ కొంచెం మెత్తగా తగిలింది. సూది, జెట్, ఫ్లోట్ నీడిల్ మూడూ మార్పించా. ఇంజిన్ ముట్టుకోనివ్వలేదు. ఫుల్ ట్యాంక్ లెక్కలో 57 వస్తోంది. ప్లగ్ బిస్కట్ రంగుకు కొంచెం తెలుపు వైపు ఉంది.

గోదారిగట్టు:
62కి ఇంకా 5 తక్కువ. తెలుపు వైపు అని మీరే అంటున్నారు. ఆ 5 నాది!

లెక్కలమాస్టారు:
అయిదంటే 8 శాతం. ఈ20కి నేనిచ్చిన వాటా పదిలోపే ఉంది కాబట్టి రాసుకోండి, ఇచ్చేశాం. 13 మాత్రం బండివే.

షెడ్డుమేస్త్రి:
మీ పంపకాలు మీరు చూసుకోండి. తెనాలి అన్నా, కొంచెం తెలుపు అంటే భయం లేదు, సున్నం కొట్టినట్టు బాగా తెల్లబడితే, ఎండలో ఇంజిన్ పట్టినట్టు అనిపిస్తే మాత్రం రండి, జెట్ ఒక సైజు పెంచి చూద్దాం. ఊరెళ్లి బండి వారాల తరబడి పక్కన పెట్టేటట్టయితే ట్యాంకు నిండా నింపి ట్యాప్ కట్టేయండి, కార్బొరేటర్ కింద డ్రెయిన్ స్క్రూ తిప్పి గిన్నెలో పెట్రోలు ఖాళీ చేయండి. సగం ట్యాంకుతో పెడితే ఇథనాల్ గాలిలో తేమ లాక్కుంటుంది, అడుగున తుప్పు మొదలవుతుంది. ఆయిల్ మార్చేటప్పుడు డబ్బా మీద జేఏఎస్ఓ ఎంఏ (JASO MA) అని ఉందో లేదో చూసుకోండి. కారు ఆయిల్ పోస్తే క్లచ్ ప్లేట్లు జారతాయి, మళ్లీ మైలేజీ పడిందని ఇక్కడికే వస్తారు.