సగం అను ఫాంట్లలో, సగం యూనికోడ్‌లో ఉన్న వర్డ్ పుస్తకాన్ని పీడీఎఫ్‌గా మార్చడం ఎట్లా?

పానగల్లు సారు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను నల్లగొండలో ఉంటున్న విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుణ్ణి. పానగల్లులోని పచ్చల సోమేశ్వర, ఛాయా సోమేశ్వర ఆలయాల గురించీ, అక్కడి నుంచి ఏలిన కందూరు చోళుల గురించీ, ఉదయసముద్రం చెరువు గురించీ కొన్నేళ్లుగా రాసుకున్న వ్యాసాలను ఒకచోట చేర్చి వర్డ్‌లో 132 పేజీల పుస్తకంగా కూర్చాను. ఇందులో మొదటి 58 పేజీలు డీటీపీ కేంద్రంలో అను ఫాంట్లలో టైపు చేయించినవి. మిగిలినవి నేనే ఇంట్లో గౌతమి అనే యూనికోడ్ ఫాంటుతో టైపు చేసుకున్నాను. అచ్చు వేయించే స్తోమత ఇప్పట్లో లేదు కనుక ముంబైలో, హైదరాబాదులో ఉన్న మా వాళ్లకు వాట్సాప్‌లో పంపాలనుకున్నాను.

వర్డ్ ఫైలును అట్లాగే పంపితే ముంబైలోని మా తమ్ముని కొడుకు ఫోనులో మొదటి సగమంతా ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసి కనిపించాయి. రెండవ సగం తెలుగులోనే ఉన్నది గానీ ఛాయా సోమేశ్వరం బొమ్మ కింద ఉండవలసిన వివరణ తరువాతి పేజీకి జారిపోయింది. పీడీఎఫ్ చేసి ఇవ్వమని డీటీపీ కేంద్రానికి వెళితే, వారు కాగితాల మీద ముద్రించి, ఆ కాగితాలను స్కాన్ చేసి ఇచ్చారు. అది 94 ఎంబీల ఫైలయింది, అందులో ఒక్క మాటను వెతుకుదామన్నా దొరకదు. ఎక్కడ తెరిచినా ఒకే తీరుగా కనిపించేటట్లు, మాటలు వెతుక్కోవడానికి వీలుండేటట్లు ఈ పుస్తకాన్ని నేనే మార్చుకోగలనా? కొంచెం వివరంగా చెప్పగలరని ప్రార్థన.

పాలమూరు అక్షరాలు (జవాబు):

గురువుగారికి నమస్కారం. మహబూబ్‌నగర్‌లో ఇరవై ఏళ్లకు పైగా డీటీపీ పని చేస్తున్నవాణ్ణి కనుక మీకు జరిగిన దానికి మా వృత్తి తరఫున కొంచెం సిగ్గుపడుతూనే రాస్తున్నాను. వర్డ్ ఫైలు ఉండగా దానిని ముద్రించి స్కాన్ చేయడమంటే, చేతిలో బియ్యం పెట్టుకొని బియ్యం ఫోటో పంపినట్లే.

ముందుగా ఈ తేడా ఎందుకు వస్తున్నదో చెబుతాను. వర్డ్ ఫైలులో ఉండేవి మాటలు, వాటికి వాడిన ఫాంటు పేరు, అంచులు, కొలతలు మాత్రమే; పంక్తి ఎక్కడ విరగాలో, పేజీ ఎక్కడ ముగియాలో తెరిచిన యంత్రం అప్పటికప్పుడు లెక్క కడుతుంది. ఆ యంత్రంలో మీరు వాడిన ఫాంటు లేకపోతే దానికి తోచిన వేరొక ఫాంటు పెడుతుంది, అక్షరాల వెడల్పు మారుతుంది, పంక్తులు కదులుతాయి, బొమ్మ కింది వివరణ పక్క పేజీకి పోతుంది. పీడీఎఫ్ అట్లా కాదు. ఏ అక్షరం ఆకారం పేజీలో ఏ చోట పడాలో అందులో ముందే నిర్ణయమై ఉంటుంది, ఆ ఆకారాలు కూడా ఫైలులోనే పొదిగి వస్తాయి. అడోబీ సంస్థ 1993లో తెచ్చిన ఈ పద్ధతి 2008లో అంతర్జాతీయ ప్రమాణంగా కూడా మారింది కనుక నేడు దానిని తెరవలేని ఫోను దాదాపుగా లేదు.

చేసే విధానం చిన్నదే. వర్డ్‌లో ఫైల్ మెనూకు వెళ్లి, సేవ్ యాజ్ నొక్కి, ఫైలు రకం దగ్గర పీడీఎఫ్ ఎంచుకోండి. 2007 నాటి వర్డ్‌లో ఈ సౌకర్యాన్ని మొదట విడిగా చేర్చుకోవలసి వచ్చేది. 2009లో వచ్చిన రెండవ సర్వీస్ ప్యాక్‌తో అది అందులోనే కలిసింది. ప్రింట్ ఆదేశంలో ప్రింటరుకు బదులుగా పీడీఎఫ్‌ను ఎంచుకునే దారి కూడా ఉన్నది గానీ, ఆ దారిలో మీ అధ్యాయాల శీర్షికలు బుక్‌మార్కులుగా రావు, విషయసూచికలోని లంకెలు పనిచేయవు. 132 పేజీల పుస్తకానికి అవి లేకపోతే ఫోనులో చదివేవారికి చాలా ఇబ్బంది. సేవ్ యాజ్ పెట్టెలోనే ఆప్షన్స్ తెరిచి, శీర్షికలతో బుక్‌మార్కులు తయారుచేయమనే గడిలో టిక్ పెట్టండి. మీ శీర్షికలకు వర్డ్‌లోని హెడింగ్ స్టయిల్ పెట్టి ఉంటేనే ఇది పనిచేస్తుంది. అక్షరాలను పెద్దవిగా, లావుగా చేసినంత మాత్రాన అవి శీర్షికలని వర్డ్‌కు తెలియదు.

ఇక అను భాగం సంగతి. దానిని ఉన్నదున్నట్లుగా పీడీఎఫ్ చేసినా చూడటానికి చక్కగానే కనిపిస్తుంది, ఎందుకంటే ఫాంటు వెంట వస్తుంది. కానీ లోపల ఉన్నది తెలుగు కాదు. అను వంటి పాత ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తలకట్లను, గుడులను, ఒత్తులను ముక్కలుగా కూర్చిపెట్టారు. కంటికి 'సోమేశ్వరం' అని కనిపించే చోట కంప్యూటరుకు ఏవో రోమన్ గుర్తులు కనిపిస్తాయి. మీ తమ్ముని కొడుకు ఫోనులో కనిపించినవి అవే, ఈ భాగాన్ని ఇట్లాగే పీడీఎఫ్ చేస్తే వెతికినా మాట దొరకదు. కాబట్టి ఆ 58 పేజీలను ముందు యూనికోడ్‌లోకి, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ తనదైన సంకేతం ఉండే పద్ధతిలోకి మార్చి, ఆ తరువాతే పీడీఎఫ్ చేయండి. మార్చే సాధనాలు ఉచితంగానే దొరుకుతాయి. అయితే మధ్యలో ఇంగ్లీషు మాటలు ఉంటే వాటిని పక్కన పెట్టి అను భాగాన్ని మాత్రమే మార్చండి, లేకపోతే ఇంగ్లీషు మాటలు కూడా అర్థం లేని తెలుగుగా మారిపోతాయి. మార్చిన తరువాత ఒత్తులను, అంకెలను, విరామ చిహ్నాలను మూలంతో పోల్చి చదవక తప్పదు. మీరు తెలుగు ఉపాధ్యాయులు కనుక ఈ పని మాకంటే మీరే బాగా చేస్తారు.

పానగల్లు సారు:

మీ ఓపికకు కృతజ్ఞతలు. గౌతమి భాగంతో ప్రయత్నించి చూశాను. బొమ్మలు, వివరణలు ఎక్కడివక్కడే నిలిచాయి. కానీ ఒక కొత్త చిక్కు వచ్చింది. కందూరు చోళులను ప్రస్తావిస్తూ పోలిక కోసం రేనాటి చోళుల శాసనాలలోని 'చోఴ' అనే రూపాన్ని ఒక స్నేహితుని సందేశం నుంచి తెచ్చి అతికించాను. పీడీఎఫ్‌లో ఆ 'ఴ' ఉండవలసిన చోట ఖాళీ డబ్బా కనిపిస్తున్నది. ఫాంటు పొదిగి వస్తుందని మీరన్నారు కదా, మరి ఇదెందుకు రాలేదు?

నాగర్‌కర్నూలు పాఠకుడు:

సారూ, పొదగడానికి ముందు ఆ అక్షరం ఆకారం ఫాంటులో ఉండాలి కదా. తెలుగు లిపికి యూనికోడ్‌లో చోటు మొదటి నుంచీ ఉన్నా, అన్ని అక్షరాలూ ఒకేసారి చేరలేదు. శకటరేఫ 'ఱ' మొదటి నుంచీ ఉన్నది. 'ౘ', 'ౙ' 2008లో వచ్చాయి. మీరు చెప్పిన 'ఴ' 2014లోనే చేరింది. ఆ తేదీకి ముందు తయారైన ఫాంటులో దానికి ఆకారం ఉండదు కనుక డబ్బా వస్తుంది. ఆ ఒక్క మాటను ఎంపిక చేసి, కొత్తగా వచ్చిన యూనికోడ్ ఫాంటు ఏదైనా, ఉదాహరణకు నోటో కుటుంబంలోని తెలుగు ఫాంట్లలో ఒకటి పెట్టి, ముందు తెర మీద అక్షరం కనిపిస్తున్నదో లేదో చూసుకొని అప్పుడు మార్చండి. వర్డ్‌లో కనిపించనిది పీడీఎఫ్‌లో ఎప్పటికీ కనిపించదు.

ఫాంట్ల మాట వచ్చింది కనుక మరొక్కటి. మన గద్వాల ప్రాంతపు సురవరం ప్రతాపరెడ్డి గారి పేరుతో 'సురవరం' అనే ఉచిత యూనికోడ్ ఫాంటు ఒకటి ఉన్నది. అది శీర్షికలకు తగినది, లోపలి పాఠానికి వాడితే కన్ను అలసిపోతుంది. గోలకొండ పత్రిక నడిపిన వారి పేరు పానగల్లు చరిత్ర ముఖపత్రం మీది అక్షరాలకు నప్పుతుందని నాకనిపిస్తుంది; వాడాలో వద్దో మీ ఇష్టం.

పీడీఎఫ్ తయారైన తరువాత అడోబీ రీడరులో ఫైల్ ప్రాపర్టీస్ తెరిచి ఫాంట్స్ అనే భాగం చూడండి. మీరు వాడిన ప్రతి ఫాంటు పేరు పక్కన 'ఎంబెడెడ్ సబ్‌సెట్' (వాడిన అక్షరాల ఆకారాలు పొదిగి ఉన్నాయని అర్థం) అని ఉంటే ఆ ఫైలు ఏ యంత్రంలో అయినా అదే రూపంతో తెరుచుకుంటుంది. మాటల వెతుకులాట విషయంలో మాత్రం పాలమూరు మిత్రుడు చెప్పిన దానికి ఒక సవరణ అవసరం. యూనికోడ్‌లో టైపు చేసినా, పీడీఎఫ్‌లో నిలిచేవి ప్రధానంగా ఆకారాలే కనుక సంయుక్తాక్షరాలు కొన్నిసార్లు సరిగా తిరిగి రావు. 'చెరువు' దొరికి, 'క్షేత్రం' దొరకకపోవచ్చు. మీరు 'శ్రీ', 'క్షేత్రం', 'సోమేశ్వర' అనే మూడింటినీ వెతికి చూడండి. దొరకకపోతే తప్పు మీది కాదు. అందుకే మూలమైన వర్డ్ ఫైలును ఎన్నడూ తీసివేయవద్దు. పీడీఎఫ్‌ను తిరిగి వర్డ్‌లో తెరిచి దిద్దుకోవచ్చునని 2013 తరువాతి వర్డ్ చెబుతుంది గానీ, తెలుగు పాఠంతో ఆ ప్రయత్నం చేసి నేను రెండు రాత్రులు పోగొట్టుకున్నాను.

వనపర్తి వాసి:

పెద్దలందరూ విషయం చెప్పేశారు, రెండు చిన్న మాటలు మాత్రం చేరుస్తాను. ఫోనులో చదివించడమే ముఖ్యమైతే పేజీ కొలతను ఏ4 నుంచి ఏ5కు, అంటే 148 × 210 మిల్లీమీటర్లకు మార్చి, పేజీలను ఒకసారి సరిచూసుకొని, ఆ తరువాత పీడీఎఫ్ చేయండి. చదివేవారు ప్రతి పంక్తికీ వేళ్లతో పేజీని పెద్దది చేసుకోవలసిన పని తప్పుతుంది. బొమ్మల వల్ల ఫైలు బరువెక్కితే వర్డ్‌లోనే కంప్రెస్ పిక్చర్స్ ఆదేశంతో తగ్గించండి, అయితే శాసనాల ఫోటోలను మాత్రం ముట్టుకోవద్దు, అక్షరాలు చదవరాకుండా పోతాయి. రెండవది, వర్డ్ కొనలేనివారు లిబ్రే ఆఫీసు వాడవచ్చు. అందులో పీడీఎఫ్‌కు ఎగుమతి చేసేటప్పుడు 'హైబ్రిడ్' అనే గడిలో టిక్ పెడితే దిద్దుకోదగిన మూలం కూడా ఆ పీడీఎఫ్ లోపలే దాగి ఉంటుంది.

పానగల్లు సారు:

నోటో ఫాంటుతో 'చోఴ' కనిపించింది. 'శ్రీ', 'సోమేశ్వర' దొరికాయి, 'క్షేత్రం' దొరకలేదు. కాబట్టి వర్డ్ ఫైలును రెండు పెన్‌డ్రైవులలో భద్రపరిచాను. అను పేజీలలో ఇప్పటికి 21 మార్చి దిద్దాను. మార్పిడిలో 'పద్మ' అన్న చోటల్లా 'మ' ఒత్తు ఎగిరిపోయి 'పద' అని మిగిలింది. ఒకవేళ మరెవరికైనా ఇట్లా జరిగితే, అటువంటి మాటలను వర్డ్‌లోని రీప్లేస్ ఆదేశంతో ఒకేసారి దిద్దవద్దు; నేను అట్లా చేయబోతే 'పదవి' కాస్తా 'పద్మవి' అయింది. ఒక్కొక్కటిగా దిద్దుకోవలసిందే. మిగిలిన 37 పేజీలు ముగియగానే ఏ5 కొలతలో చేసిన పీడీఎఫ్‌ను ఇక్కడే పెడతాను.