సింపైల 12×12 మ్యాట్రిక్స్ పేజీల పడ్తలేదు, ఏం చెయ్యాలె?

ఎర్రగడ్డ_ఎంటెక్:
అన్నలూ, జర చూడుండ్రి. ఎంటెక్ స్ట్రక్చర్స్ ప్రాజెక్టు నాది. స్పేస్ ఫ్రేమ్ (మూడు దిక్కుల కట్టే ఫ్రేమ్) మెంబర్ స్టిఫ్‌నెస్ మ్యాట్రిక్స్, అంటే ఒక కడ్డీ ఎంత గట్టిగ ఉంటదో చెప్పే పట్టిక, మొత్తం సింబల్స్‌తోనే సింపైల (అక్షరాలతో లెక్కలు చేసే పైథాన్ లైబ్రరీ) రాసిన. రెండు నోడ్లు (కొసలు), ఒక్కోదానికి ఆరు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (మూడు జరుగుడు, మూడు తిరుగుడు). టెర్మినల్ల పీప్రింట్ (అందంగ చూపించే కమాండ్) కొడ్తే మొదటి కొన్ని కాలమ్‌లు పైన, మిగిలినయి కింద, ముక్కలు ముక్కలుగ వస్తున్నయ్. జూపిటర్‌ల (బ్రౌజర్ల తెరిచే నోట్‌బుక్) మంచిగనే కనబడ్తది గానీ కుడిదిక్కు జరుపుకుంటనే పోవాలె. నిన్న అమీర్‌పేటల జిరాక్స్ షాపుల ఏ4 మీద తీస్తే ఎనిమిదో కాలమ్ కాడ కోసేసింది. షాపాయన "అడ్డం తిప్పి కొట్టాల్నా తమ్మీ?" అన్నడు. తిప్పినా తొమ్మిది దాటలే. అక్షరాలు చిన్నగ చేస్తే ఎల్ (మెంబర్ పొడుగు) స్క్వేరో, ఎల్ క్యూబో నాకే తెలుస్తలేదు. సోమవారం సార్‌కు చూపియ్యాలె.

నల్లతెర:
పీప్రింట్‌లో ర్యాప్_లైన్=ఫాల్స్ పెట్టు బ్రో. ముక్కలు కాదు. ఔట్‌పుట్ ఫైల్లో వేసుకుని లెస్ -ఎస్‌తో (క్యాపిటల్ ఎస్) తెరువు, బాణం మీటలతో పక్కకి జరగొచ్చు. కాగితానికి మాత్రం ఇది పనికిరాదు.

పాత_డిజైనర్:
తమ్ముడూ, కాగితాన్ని తిట్టకు. ఆ 144 గళ్ళలో 104 సున్నాలే. సున్నాలు ప్రింట్ చేయించుకోడానికి డబ్బులిచ్చావు. ముందు ప్రింట్_నాన్‌జీరో('*') కొట్టి చూడు, సున్నా కాని చోట్ల మాత్రమే చుక్క గుర్తు పడుతుంది. మొదటి రెండు వరసలు ఇలా వస్తాయి:

[*     *     ]
[ *   * *   *]

యాక్సియల్‌కి (పొడుగునా లాగడం, నొక్కడం) యాక్సియల్‌తోనే పని, వంగడానికి వంగడంతోనే. నోడ్ వరసలో రాశావు కాబట్టి చెల్లాచెదురుగా ఉన్నాయి. కే అంటే నీ మ్యాట్రిక్స్; కే.ఎక్స్‌ట్రాక్ట్‌కి (అడిగిన వరసలు ఏరి ఇచ్చేది) రోలకీ కాలమ్‌లకీ ఇదే లిస్టు ఇవ్వు: [0, 6, 3, 9, 1, 5, 7, 11, 2, 4, 8, 10]. యాక్సియల్ 2×2, టార్షన్ (మెలితిరగడం) 2×2, బెండింగ్ (వంగడం) 4×4లు రెండు, విడివిడిగా నాలుగు డబ్బాలు పడతాయి. లిస్టు చేత్తో రాయడం బద్ధకమైతే కనెక్టెడ్_కాంపొనెంట్స్ అదే వెతికి ఇస్తుంది.

బెండింగ్ డబ్బాలోంచి ఈఐ/ఎల్³ (ఈ పదార్థం గట్టితనం, ఐ అడ్డుకోత ఆకారాన్ని బట్టి వచ్చేది) బయటికి లాగేయ్. మొదటి వరస 12, 6ఎల్, −12, 6ఎల్ అని మిగులుతుంది, భిన్నాలే ఉండవు. రెండో బెండింగ్ డబ్బాలో 6ఎల్ గుర్తులు మాత్రమే తిరగబడతాయి. రెండూ పక్కపక్కన పెడితే మీ సార్‌కి ఆ సంగతి ఒక్క చూపులో తెలుస్తుంది.

అన్నట్టు, స్టార్ ఇంపోర్ట్ (సింపైలోని పేర్లన్నీ ఒకేసారి తెచ్చుకోవడం) చేశావా? అలాగైతే సింపైలో ఐ అంటే మైనస్ ఒకటి వర్గమూలం, ఈ అంటే 2.718. నువ్వు సింబల్స్‌గా విడిగా డిక్లేర్ చేయకపోతే నీ బీమ్ సంకీర్ణ సంఖ్యల్లో వంగుతుంది.

ఎర్రగడ్డ_ఎంటెక్:
ఐ కాడ దొరికిపోయిన అన్నా, ఇప్పుడే మార్చిన. డబ్బాలు మస్తుగ వచ్చినయ్. గానీ ఏటవాలుగున్న మెంబర్‌కు రొటేషన్ (దిక్కులు మార్చుడు) పెట్టంగనే సున్నాలన్నీ మాయమై మళ్ళ గజిబిజి.

పాత_డిజైనర్:
గుణించి చూపించమని ఎవరన్నారు? టీ ట్రాన్స్‌పోజ్, కే, టీ అని లబ్ధంగానే రాయి. టీ అంటే 3×3 లాంబ్డా (దిక్కులు మార్చే చిన్న మ్యాట్రిక్స్) నాలుగుసార్లు వికర్ణం మీద, అంతే. లాంబ్డా ఒక్కటి విడిగా వేస్తే చాలు. విస్తరించిందే కావాలని పట్టుబడితే సీఎస్ఈ వాడు, మళ్ళీ మళ్ళీ వచ్చే ముక్కలకి ఎక్స్0, ఎక్స్1 అని పేర్లు పెట్టి చిన్నదిగా ఇస్తుంది. కానీ అది కోడ్‌కి బాగుంటుంది, కంటికి కాదు.

ఎర్రగడ్డ_ఎంటెక్:
నాలుగు డబ్బాలు, లాంబ్డా కలిపి ఒక్క ఏ4ల పట్టినయ్ అన్నా. కింద సార్ సంతకానికి జాగ కూడ మిగిలింది.