మన పెద్దవాళ్లకు భక్తి తక్కువంటే ఒప్పుకుంటారా?

కొర్లగుంట వాసి (తిరుపతి):
అమెరికా సర్వే సంస్థ ప్యూ రీసెర్చ్ వాళ్లు 2019 చివర, 2020 మొదట్లో మన దేశంలో దాదాపు 30,000 మందిని అడిగి, 2021లో రిపోర్టు ఇచ్చారు. తమ జీవితంలో మతం చాలా ముఖ్యమని మధ్య భారతంలో 92 శాతం మంది చెబితే, దక్షిణాదిలో 69 శాతమే చెప్పారు. రోజూ ప్రార్థన చేసేవాళ్లు మనవైపు 37 శాతం, మిగతా ప్రాంతాల్లో సగానికి పైనే. ఇవి పద్దెనిమిదేళ్లు దాటిన అందరినీ కలిపిన లెక్కలు. నేను అడిగేది ముసలివాళ్ల గురించి. అరవై దాటిన మనవాళ్లకు కూడా పట్టింపు తక్కువేనా? నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

మిట్టూరు మాస్టారు (చిత్తూరు):
తక్కువే, కోపం తెచ్చుకోకండి. తిరుమల జనాన్ని చూసి లెక్కేస్తే ఎలా? ఆ క్యూలో దేశమంతా ఉంటుంది. మా వీధిలో రిటైరైనవాళ్లకు పొద్దున లేస్తే వాకింగు, పేపరు, షుగర్ మాత్ర. గుడికి పండగకే పోతారు. అది తప్పని నేను అనను.

పలమనేరు ఆడపడుచు:
సార్, పండగకే పోతారని అంత తేలిగ్గా తీసేయకండి. మా పల్లెల్లో భక్తి ఏడాది లెక్కన నడుస్తుంది. పెరటాసి (వెంకటేశ్వరస్వామికి ఇష్టమని చెప్పే తమిళ నెల) శనివారం మా అవ్వ తెల్లారకముందే తలకు పోసుకుని, ఇత్తడి చెంబుకు నామం పెట్టి మనవడి చేతికిస్తుంది. వాడు నాలుగిళ్ల ముందు ‘గోవిందా’ అని నిలబడి బియ్యం తెస్తాడు. ఇంట్లో మూటలున్నా సరే, అడిగి తెచ్చిన గింజలు కలవందే తళిగ (దేవుడి నైవేద్యం) వేయదు. దేవుడికి చూపించేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టదు. ఊళ్లో భారతం (మహాభారత కథ ఉత్సవం) పెడితే రాత్రంతా నాటకం చూస్తుంది. అర్జున తపస్సు రోజు అర్జునుడి వేషగాడు మాను మీదనుంచి విసిరే నిమ్మకాయ, దొరికితే పిల్లలు పుడతారని నమ్మి, కోడలి కొంగులో పడాలని ఆ ఎండలోనే నిలబడుతుంది. అదే మనిషిని రోజూ ప్రార్థన చేస్తావా అని అడగండి. ‘తీరికేదమ్మా, ఆవుల పనికే పొద్దు చాలదు’ అంటుంది. సర్వేలో ఆమె చేయనివాళ్ల లెక్కలోకే పోతుంది.

మిట్టూరు మాస్టారు:
అమ్మా, బీహారు ముసలమ్మకూ గేదెల పని ఉంటుంది. ఛఠ్ పండగకు ఆమె కూడా నీళ్లు ముట్టకుండా ఉపవాసం ఉంటుంది. పండగలు వాళ్లకూ ఉన్నాయి, పైగా రోజువారీ పూజా ఉంది. మీ అవ్వ భక్తిని శంకించను. ఆమె ఒక్కరిని చూపించి 69ని 92 చేయలేం కదా.

కొర్లగుంట వాసి:
ఛఠ్ మాట గట్టిదే, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ మాస్టారూ, వయసు పెరిగేకొద్దీ చేయగలిగింది తగ్గిపోతుంది. అలిపిరి దారిలో 3,550 మెట్లు మోకాళ్లు సహకరించినన్నాళ్లే. 65 దాటినవాళ్లకు వేరే దర్శనం ఉంది, టోకెన్ మాత్రం ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. ఫోన్ చేతకాని ముసలాయన కొడుక్కి తీరిక దొరికేదాకా ఆగుతాడు. కొండ కింద పుట్టి పెరిగినా ఏళ్ల తరబడి పైకి వెళ్లనివాళ్లు మా వీధిలోనే ఉన్నారు. వాళ్లకు దేవుడు ముఖ్యం కాదని ఎవరైనా అంటే నాకు బాధేస్తుంది.

పిల్లల ఉద్యోగాల వల్ల ఢిల్లీ, భోపాల్ వైపు వెళ్లి ఉంటున్న పెద్దవాళ్లు మీ ఇళ్లలో ఉంటే రాయండి. అక్కడికి వెళ్లాక వాళ్ల పూజ పెరిగిందా, తగ్గిందా?