జీపు ‘లో రేంజ్’లో నిలవడం లేదు, ఏం చూడాలి?

మాది గుంటూరు. ఇరవై ఏళ్ల నాటి ఫోర్ వీల్ డీజిల్ జీపు, చేత్తో లివర్ వేసే రకం. వానాకాలం మా నల్లరేగడి డొంకలో అదే దిక్కు (ట్రాక్టరు తమ్ముడిది, అడగబుద్ధి కాదు). టూ హై (రెండు చక్రాల డ్రైవ్) నుంచి ఫోర్ హై (నాలుగు చక్రాల డ్రైవ్)కి బాగానే మారుతోంది. లో రేంజ్‌కే (వేగం తగ్గి లాగుడు పెరిగే గేరు), బండి పూర్తిగా ఆపి క్లచ్ తొక్కినా కరకరమంటోంది. ఎలాగో పడినా, బురదలో లోడు తగలగానే లివర్ ఎగిరి న్యూట్రల్‌కి వచ్చేస్తోంది. ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే గేరు పెట్టె) ఆయిల్ మార్చినప్పుడు కొంచెం ఇనుప రజను కనిపించింది. లివర్ కింద బుష్‌లు కూడా వదులే. విజయవాడ ఆటోనగర్‌లో ఒక మెకానిక్ బండి కిందకి తొంగి చూడకుండానే మొత్తం దించాలన్నాడు! ముందు బుష్‌లు మార్చి, లివర్ రాడ్డు పొడవు సరిచేసి చూడనా? లేక లోపల గేర్లను జరిపే షిఫ్ట్ ఫోర్కే అరిగిందంటారా? దించకుండా తేల్చుకునే దారి ఉంటే చెప్పండి.